అంటువ్యాధి కాలంలో నిద్రారోగం: మేల్కొనే వేళయే మొదటి మందు

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అను మూడింటిని చరకాచార్యులు శరీరానికి ఉపస్తంభములు అన్నారు. పాత ఇంటి దూలానికి ఊతగా నిలిపిన గుంజల వంటివి ఇవి. వీటిలో ఆహారాన్ని గూర్చి ప్రతి ఇంటా పూటపూటా ఆలోచన జరుగును. నిద్రను మాత్రం అది చెడిన పిమ్మట గాని ఎవరూ తలచుకొనరు. ఊరంతా క్షేమంగా ఉన్న రోజులలో ఈ అశ్రద్ధ కొంతవరకు చెల్లును. ఊరిమీద అంటువ్యాధి పడినప్పుడు చెల్లదు. అప్పటికే నిద్రకు సంబంధించిన జబ్బు ఉన్నవారికి అది రెండింతల కష్టమగును.

నెల్లూరు జిల్లావారికి ఈ అనుభవం కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే బయటపడినది. ఇటలీ నుండి తిరిగివచ్చిన ఒక యువకునికి ఆ వ్యాధి సోకినది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనది. మరుసటి ఏడు రెండవ ఉధృతి వచ్చినప్పుడు, 2021 మే 5 నుండి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుండి మరునాటి ఉదయం 6 గంటల వరకు కర్ఫ్యూ విధించినారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. వ్యాధి ఉధృతి తగ్గినది గాని, ఆ రోజులలో చెదిరిన నిద్ర అనేక ఇళ్ళలో తిరిగి కుదురుకొనుటకు చాలాకాలం పట్టినది.

నెల్లూరు పట్టణానికి ఆత్మకూరు సుమారు 60 కిలోమీటర్లు, వెలికొండల చెంతనున్న ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. నిద్రారోగాలకు ప్రత్యేక పరీక్ష కావలెనన్నచో ఈ మెట్టప్రాంతంవారు పెద్ద పట్టణానికి పోవలసినదే. రాకపోకలు నిలిచిన రోజులలో అది కూడ సాధ్యం కాదు. కనుక ఏది ఇంట్లో సరిదిద్దుకొనదగినది, ఏది వైద్యునికి తప్పక చూపవలసినది అను వివేకం ఇంటివారికే ఉండవలెను. అటువంటి మరొక కాలం రాదని ఎవ్వరూ చెప్పలేరు. ఈ వ్యాసం అందుకు ఉద్దేశించినది.

జనపదోద్ధ్వంసం

ఒక ప్రాంతంలోని జనమంతా ఒకేసారి వ్యాధిపాలగుటను చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం అన్నారు. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, బలాలు వేరు. అయినను అందరికీ ఒకే వ్యాధి ఏల వచ్చును అను ప్రశ్న అక్కడ వచ్చును. వాయువు, జలం, దేశం, కాలం అను నాలుగూ అందరికీ ఉమ్మడివి గనుక, అవి చెడినప్పుడు అందరూ చెడుదురని సమాధానం. ఇటువంటి కాలంలో ఔషధంతోబాటు నడవడి, దినచర్య కూడ మనిషిని కాపాడునని ఆ అధ్యాయం బోధించును.

నిద్ర విషయంలో ఈ మాట ప్రత్యక్షంగా కనబడును. శరీరానికి సహజంగా కలిగే వేగాలలో ఆపకూడనివి పదమూడు అని చరకులు లెక్కించినారు. నిద్ర అందులో ఒకటి. దానిని ఆపినచో ఆవలింతలు, ఒళ్ళునొప్పులు, మగత, తలకు సంబంధించిన బాధలు, కన్నులు బరువెక్కుట కలుగునని చెప్పినారు. అంటువ్యాధి కాలంలో ఒళ్ళునొప్పి కనబడగానే వ్యాధి సోకినదేమో అని భయపడుదురు. ఆ భయంతో మరునాడు మరింత నిద్ర చెడును. నిద్ర చెడినకొద్దీ నొప్పులు హెచ్చును. ఇది ఒక చక్రం.

నిద్ర ఎట్లు చెదరును?

నిద్రను రెండు శక్తులు నడుపును. మొదటిది నిద్రాకలి. ఆకలి వలె ఇది కూడ మేల్కొని ఉన్నకొద్దీ పెరుగును, నిద్రించినకొద్దీ తగ్గును. సాయంకాలం చిరుతిండి తిన్నవానికి రాత్రి అన్నం సయించనట్లే, మధ్యాహ్నం రెండు మూడు గంటలు నిద్రించినవానికి రాత్రి నిద్ర పట్టదు. రెండవది దేహంలోని గడియారం. మెదడులో ఉన్న ఈ గడియారం కంటిలో పడే వెలుతురును బట్టి తన వేళలను దిద్దుకొనును. ఉదయపు వెలుగు దానిని ముందుకు త్రిప్పును. రాత్రి దీపాల వెలుగు, టీవీ, సెల్‌ఫోన్ దానిని వెనుకకు లాగును. చీకటి పడిన పిమ్మట మెలటోనిన్ అను పదార్థం స్రవించి దేహాన్ని నిద్రకు సిద్ధం చేయును. ప్రకాశవంతమైన వెలుగులో అది అణగిపోవును.

ఇప్పుడు 2021 మే నెలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మధ్యాహ్నం 12 గంటలకు అంగళ్ళన్నీ మూతపడినవి. బయట ఎండాకాలపు వడగాడ్పు. ఇంట్లో పనిలేదు. అన్నం తిని పడుకొన్నవారు సాయంకాలం వరకు లేవలేదు. రాత్రి టీవీలో మరణాల లెక్కలు, సెల్‌ఫోన్‌లో బంధువుల కబుర్లు. ఒంటిగంటకు గాని కన్ను మూతపడలేదు. ఆపై ఉదయం ఆలస్యంగా లేచుటచే తొలి వెలుగు కంటిలో పడలేదు. నిద్రాకలి చచ్చినది, గడియారం వెనుకబడినది. పది రోజులు ఇట్లు గడిచినచో ఆరోగ్యవంతునికే నిద్ర చెడును. అప్పటికే నిద్రారోగం ఉన్నవాని సంగతి చెప్పనక్కరలేదు.

హైదరాబాదు, బెంగళూరులలో కంప్యూటరు ఉద్యోగాలు చేసే పిల్లలు ఆ రోజులలో సొంత ఊళ్ళకు తిరిగివచ్చి ఇంటినుండే పనిచేసినారు. అమెరికా వేళలకు పనిచేసేవారు రాత్రి రెండింటి వరకు మాట్లాడుచుండగా, పక్కగదిలో పెద్దలకు నిద్రలేదు. ఉదయం పెద్దలు లేచి పాత్రలు కదిపినప్పుడు పిల్లలకు నిద్రలేదు. ఒకే ఇంట్లో రెండు గడియారాలు నడిచినవి.

వీటన్నిటిలో మన చేతిలో ఉన్నది ఒక్కటే. ఎప్పుడు నిద్రపట్టవలెనో మనము శాసించలేము. ఎప్పుడు లేవవలెనో నిర్ణయించుకొనగలము. లేచే వేళ స్థిరపడినచో ఉదయపు వెలుగు వేళకు అందును, నిద్రాకలి వేళకు పెరుగును, కొద్దిరోజులలో రాత్రి నిద్ర కూడ దానంతట అదే వేళకు వచ్చును. కర్ఫ్యూ గాని, ఒంటరి గది వాసం గాని ఈ ఒక్కదానిని మననుండి తీసుకొనలేవు.

నాలుగు విధాల నిద్రారోగాలు

నిద్ర బాధలన్నీ ఒకటి కావు. ఒకదానికి మంచిది మరొకదానికి చెరుపు కావచ్చును.

1. నిద్రలేమి. పడుకొన్న తర్వాత గంటలు గడిచినా నిద్రపట్టకుండుట, నడిరేయి మెలకువ వచ్చి తిరిగి పట్టకుండుట, తెల్లవారకముందే లేచిపోవుట దీని లక్షణాలు. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండ మూడు నెలలు సాగినచో దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా ఎంచవలెను. వీరికి పగటి నిద్ర శత్రువు.

2. గురకతో శ్వాస ఆగుట. బిగ్గరగా గురకపెట్టుచు మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరియై మరల శ్వాస తీసుకొనుట దీని గుర్తు. రోగికి ఈ సంగతి తెలియదు. పక్కన పడుకొన్నవారే చెప్పవలెను. ఉదయం తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉండును. స్థూలకాయం, రక్తపోటు, మధుమేహం తరచు దీనికి తోడుండును. ఇవి కరోనాను తీవ్రం చేసిన జబ్బులు కూడ అగుటచే వీరు మరింత జాగ్రత్తపడవలెను. వీరికి నిద్రమాత్రలు, మద్యం ప్రమాదకరములు. గొంతు కండరాలను మరింత సడలించును. వెల్లకిలగా కాక పక్కకు తిరిగి పడుకొనుట, బరువు తగ్గుట మేలుచేయును.

3. అతినిద్ర. రాత్రి చాలినంత నిద్రించినను పగలు ఆపుకొనలేని నిద్ర ముంచుకొనివచ్చుట, పకపక నవ్వినప్పుడు మోకాళ్ళు సడలి కూలబడుట, నిద్రలోకి జారునప్పుడు లేనివి కనబడుట నార్కోలెప్సీ అను రోగ లక్షణాలు. వీరిని సోమరులని నిందించుట అన్యాయం. మెలకువను నిలిపే హైపోక్రెటిన్ అను పదార్థాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించుటయే దీనికి ముఖ్యకారణం. వీరికి పగటిపూట నియమిత వేళలలో 15, 20 నిమిషాల కునుకు చికిత్సలో భాగం.

4. కాళ్ళ పీకుడు. సాయంకాలం కాగానే కాళ్ళలో చెప్పలేని లాగుడు, కదిపినప్పుడు గాని ఉపశమించకుండుట దీని గుర్తు. దేహంలో ఇనుము తగ్గుట తరచు దీనికి కారణం కనుక స్త్రీలలో, గర్భిణులలో ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో కూడ కనబడును. రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువైనచో వైద్యుని సలహాతో ఇనుము వాడవలెను. రాగి, ఆకుకూరలు తినునప్పుడు నిమ్మరసం పిండుకొనుట, భోజనం కాగానే టీ, కాఫీ త్రాగకుండుట వలన ఇనుము బాగుగా ఒంటబట్టును. మెట్ట మండలాలలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీటివలన కీళ్ళనొప్పులు కలవారున్నారు. ఆ నొప్పి వేరు, ఈ లాగుడు వేరు. రెండూ నిద్రను చెరచును గనుక వైద్యునితో విడివిడిగా చెప్పవలెను.

వైరస్సుకూ నిద్రకూ గల సంబంధం

అంటువ్యాధులకూ నిద్రకూ గల సంబంధం వైద్యులకు నూరేండ్లుగా తెలిసినదే. 1917లో వియన్నాలో వాన్ ఎకనామో అను వైద్యుడు ఒక వింత మెదడువాపు వ్యాధిని వర్ణించినారు. ఆ రోగులలో కొందరు వారాల తరబడి నిద్రించినారు. మరికొందరికి నిద్రయే రాలేదు. మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, హైపోథాలమస్ అను భాగంలో ముందువైపు చెడినవారికి నిద్రలేమి, వెనుకవైపు చెడినవారికి అతినిద్ర కలిగినదని ఆయన గుర్తించినారు. నిద్రకు, మెలకువకు మెదడులో వేరువేరు స్థానాలున్నవని అట్లు తెలిసినది. అదే కాలంలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని కబళించినది గాని, ఈ మెదడువాపుకు అదియే కారణమని రుజువు కాలేదు.

2009లో స్వైన్‌ఫ్లూ వచ్చిన పిదప చైనాలో నార్కోలెప్సీ కొత్త కేసులు పెరిగినవి. ఫిన్లండ్, స్వీడన్‌లలో పాండెమ్రిక్స్ అను ఒక ఫ్లూ టీకా వేయించుకొన్న పిల్లలలో కూడ పెరిగినవి. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున మెలకువ కణాలను దెబ్బతీయగలదని దీనివలన గ్రహించినారు. కరోనాకు మన దేశంలో విరివిగా వేసిన కోవిషీల్డు, కోవాగ్జిన్ వేరు టీకాలు. ఆ పాత సంగతి విని టీకాలకు భయపడనక్కరలేదు.

మగతను నిద్ర అనుకొనరాదు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకొనదలచినచో దీనిని గుర్తుంచుకొనవలెను.

వ్యాధులను అనుసరించి వచ్చే నిద్రను చరకులు వ్యాధ్యనువర్తిని అని, రాత్రి స్వభావంచే సహజంగా వచ్చే నిద్రను వేరుగా చెప్పి, రెండవదానినే తల్లివలె ప్రాణులను పోషించునదిగా కీర్తించినారు. జ్వరంలో కొంత ఎక్కువ నిద్రించుట సహజమే. కాని కరోనాలో రక్తంలోని ప్రాణవాయువు పడిపోయినను రోగికి ఆయాసం తెలియకపోవుట అనేక చోట్ల కనబడినది. వ్యాధి మొదలై ఐదవ రోజు నుండి పదవ రోజు లోపల రోగి పగలంతా మగతగా పడియుండి, పిలిచినచో తడబడుచు బదులు చెప్పుచున్నచో “పాపం, ఇన్నాళ్ళకు కన్ను మూసినాడు, లేపవద్దు” అని తలుపు దగ్గరగా వేయుట ప్రాణాంతకం కావచ్చును.

నిద్ర అయినచో లేపినప్పుడు మనిషి తెలివిలోకి వచ్చి సరిగా మాట్లాడును. మగత అయినచో మాట తడబడును, వేళ తెలియదు, పెదవులు నీలివర్ణం కావచ్చును. వ్రేలికి పెట్టే ఆక్సీమీటరుతో చూడవలెను. గోరింటాకు, గోళ్ళరంగు లేని వ్రేలికి పెట్టి, చేతిని కదపక ఒక నిమిషం ఉంచవలెను. అంకె 94 కంటె తగ్గినచో ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చవలెను. వాహనం వచ్చులోగా రోగిని బోర్లా పడుకోబెట్టినచో ఊపిరితిత్తులకు కొంత మేలు కలుగును. గర్భిణులను, తీవ్రమైన గుండెజబ్బు కలవారిని, భోజనం చేసి గంట కానివారిని అట్లు పడుకోబెట్టరాదు.

ప్రాణవాయువు తగ్గినవారికి ఇచ్చిన డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మందులు నిద్రను చెరచును. వైద్యుడు వ్రాసిన ఈ మందును మానరాదు. రోజుకు ఒకే మోతాదైనచో ఉదయం పూట పుచ్చుకొనవచ్చునా అని ఆయననే అడుగవలెను. వైద్యుడు వ్రాయనిది తెచ్చి వాడుకొనుట అంతకంటె పెద్ద తప్పు.

దినచర్య

ఇంటిల్లిపాదికీ ఈ క్రింది క్రమం ఉపకరించును. నిద్రారోగులకు ఇది చికిత్సలో సగభాగం.

ఉదయం లేచే వేళ ఒకటి నిర్ణయించుకొనవలెను. రాత్రి ఎంత ఆలస్యంగా నిద్రపట్టినను ఆ వేళకే లేవవలెను. లేచిన గంటలోపల మిద్దెమీదనో, పెరటిలోనో, కిటికీ వద్దనో 20, 30 నిమిషాలు వెలుగులో ఉండవలెను. సూర్యుని వైపు సూటిగా చూడనక్కరలేదు. వ్యాధి సోకి గదిలో ఒంటరిగా ఉన్నవారు మంచాన్ని కిటికీ వైపు త్రిప్పుకొనవలెను.

కాఫీ, టీ మధ్యాహ్నం రెండు గంటలు దాటిన తర్వాత వద్దు. మధ్యాహ్న భోజనం ఒంటిగంట లోపల ముగియవలెను. పగటి నిద్ర విషయంలో ఆయుర్వేదం ఎంత సూక్ష్మంగా ఆలోచించినదో గమనించదగినది. పగటి నిద్ర కఫాన్ని పెంచును, రాత్రి జాగరణ రూక్షత్వాన్ని పెంచును; కూర్చుండి తీసే కునుకు మాత్రం ఈ రెండు దోషాలూ లేనిది అని చరకులు చెప్పినారు. గ్రీష్మంలో రాత్రులు చిన్నవగుటచే పగటి నిద్రను కొంత అనుమతించినారు. కనుక వేసవి కర్ఫ్యూ మధ్యాహ్నాలలో మంచం ఎక్కక, పడకకుర్చీలో 20 నిమిషాలు కునుకు తీసి, మూడు గంటలలోపల లేవవలెను. వృద్ధులకు, రోగం నుండి కోలుకొనుచున్నవారికి మరికొంత విశ్రాంతి ఇవ్వవచ్చును. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్నవారు ఆ కునుకు కూడ మానుట మంచిది.

రాత్రి భోజనం ఎనిమిది గంటలలోపల, తేలికగా ఉండవలెను. నిద్ర తెప్పించే ఆహారాలలో పెరుగుతో కూడిన వరి అన్నాన్ని, గేదె పాలను చరకులు పేర్కొన్నారు. అయితే రాత్రిపూట పెరుగు కూడదని ఆయనే అన్నారు. కావున పెరుగన్నం పగటికి, పలుచని మజ్జిగ గాని పాలు గాని రాత్రికి. వార్తలు రోజుకు ఒక్కసారి, సాయంకాలం ఆరు గంటలలోపల చూచి కట్టివేయవలెను. నిద్రవేళకు గంట ముందు సెల్‌ఫోన్ వేరే గదిలో ఉంచవలెను.

మంచం నిద్రకు మాత్రమే. దానిమీద కూర్చుండి టిఫిను, పిల్లల చదువు, ఆఫీసు పని చేయరాదు. సుమారు 20 నిమిషాలలో నిద్రపట్టనిచో లేచి, మసక వెలుతురులో కూర్చుండి, నెమ్మదియైన పని ఏదైనా చేసి, నిద్ర వచ్చినప్పుడే తిరిగి పడుకొనవలెను. గడియారం వైపు చూడరాదు. దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటె ముందు ఈ పద్ధతులనే నేడు ప్రపంచమంతటా వైద్యులు సూచించుచున్నారు.

గృహవైద్యం

పాదాభ్యంగం: నిద్రకు ముందు గోరువెచ్చని నువ్వులనూనె ఒక చెంచా తీసుకొని రెండు అరికాళ్ళకు ఐదేసి నిమిషాలు మర్దన చేయవలెను. జారిపడకుండ గుడ్డతో తుడిచి పడుకొనవలెను. కాళ్ళ పీకుడు ఉన్నవారు పిక్కలకు కూడ మర్దించుకొనవచ్చును.

శిరోభ్యంగం: వారానికి రెండు దినాలు తలకు నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని అంటి స్నానం చేయవలెను. జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఇది కూడదు.

పాలు: ఒక గ్లాసు గోరువెచ్చని గేదె పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి నిద్రకు గంట ముందు త్రాగవలెను. జాజికాయ చిటికెడు దాటరాదు. హెచ్చినచో గుండెదడ, భ్రమ కలుగును. గర్భిణులకు వద్దు. మధుమేహులు చక్కెర మానవలెను.

గసగసాలు: అరచెంచా నానబెట్టి నూరి పాలలో కాచి త్రాగుట మన ఇళ్ళలో వాడుక. చిన్నపిల్లలకు ఇవ్వరాదు. గల్ఫ్ దేశాలలోని బంధువులకు పంపే పొట్లాలలో మాత్రం దీనిని పెట్టకూడదు. సౌదీ అరేబియా, దుబాయి వంటి చోట్ల గసగసాలు నిషిద్ధం.

అశ్వగంధ: మూడు గ్రాముల చూర్ణాన్ని పాలతో రాత్రి వాడుదురు. గర్భిణులు, థైరాయిడ్ హెచ్చుగా ఉన్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడుచున్నవారు వైద్యుని అడుగక పుచ్చుకొనరాదు.

ఉదయగిరి దుర్గం కొండ, వెలికొండలు మూలికలకు పేరుపడినవి. కాని గుర్తు తెలియని వేరును నిద్రకని తెచ్చి నూరుకొనుట అపాయం. ముఖ్యంగా సర్పగంధ రక్తపోటును బాగుగా తగ్గించును, కొందరిలో తీవ్రమైన మనోవ్యథను కలిగించును. అది వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన ఔషధం.

కషాయాలు, మాత్రలు

2020లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ద్రాక్షలతో కషాయం రోజుకు ఒకటి లేక రెండు సార్లు త్రాగవచ్చునని సూచించినది. మన ఇళ్ళలో ఆ రెండు సార్లు నాలుగు సార్లయినవి. ద్రాక్షను వదలి మిరియాలను రెట్టించినారు. ఉష్ణవీర్యమైన ఈ కషాయాన్ని నడివేసవిలో రాత్రి పడుకొనుటకు ముందు త్రాగినచో గుండెమంట, పులిత్రేన్పులు కలిగి నిద్ర చెడును. ఉదయం ఒక్కసారి చాలును. అతిమధురం ఎక్కువనాళ్ళు వాడినచో రక్తపోటు పెరుగును. అదే శాఖ చెప్పిన పసుపు పాలు రాత్రికి అనుకూలం: 150 మిల్లీలీటర్ల వేడిపాలలో అరచెంచా పసుపు.

2021 మే నెలలో మన జిల్లాలోని కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఇచ్చే మందుకై వేలాది జనం తరలివచ్చిన సంగతి పాఠకులకు తెలిసినదే. జనం కిక్కిరిసిపోవుటచే పంపిణీ నిలిపివేసినారు. పరిశీలన జరిపిన పిదప మే 31న కంటిచుక్కలు మినహా మిగిలినవాటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినది. వాటివలన హాని కనబడలేదని, అయినను కరోనాను నయం చేయునను నిరూపణ లేదని, డాక్టర్ల మందులు మానరాదని కూడ తెలిపినది. హాని లేకుండుట ఒక ప్రశ్న, రోగం కుదురుట మరొక ప్రశ్న. నిద్రకై ఎవరు ఏ మందు చెప్పినను ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడుగవలెను.

ఆల్ప్రజోలాం వంటి నిద్రమాత్రలను చీటీ లేకుండ కొనరాదు. చాలాకాలంగా వాడుచున్నవారు మాత్రం ఒక్కసారిగా మానరాదు. అట్లు మానినచో వణుకు, ఫిట్స్ రావచ్చును. లాక్‌డౌన్ వంటి కాలాలలో మాత్రలు నిండుకొనకముందే వైద్యునితో మాట్లాడి చీటీ వ్రాయించుకొనవలెను. నార్కోలెప్సీకి మందులు వాడేవారికి కూడ ఇదే హెచ్చరిక.

తరచు వినబడే ప్రశ్నలు

“మా నాన్నగారు గురకకు రాత్రిపూట గాలియంత్రం పెట్టుకొనుచున్నారు. వ్యాధి సోకినచో మానవలెనా?”

వైద్యుని అడుగక మానరాదు. ఆ యంత్రం బయటకు వదలే గాలితో వైరస్సు గదిలో వ్యాపించగలదు కనుక వారు వేరే గదిలో, కిటికీలు తెరచి, తలుపు మూసి పడుకొనవలెను. మాస్కును రోజూ సబ్బునీటితో కడిగి నీడన ఆరబెట్టవలెను. తేమ తొట్టిలో డిస్టిల్డ్ వాటరు పోసి రోజూ మార్చవలెను.

“మా అబ్బాయికి రాత్రి ఉద్యోగం. వాడి నిద్ర ఎట్లు?”

అతనికి కూడ నియమం అదే: రోజూ ఒకే వేళకు పడక, ఒకే వేళకు మెలకువ. గదికి దళసరి తెరలు కట్టి చీకటి చేయవలెను. సెలవు దినాలలో కూడ ఆ వేళలను ఎక్కువ మార్చరాదు. ఆ సమయంలో ఇంట్లో మిక్సీ, టీవీ నిలుపుట ఇంటివారి వంతు.

“మా అత్తగారికి కరోనా తగ్గి మూడు నెలలైనది. నిద్ర సరిగా లేదు, కొద్దిపనికే సొమ్మసిల్లుచున్నారు.”

వ్యాధి మొదలైన మూడు నెలల తర్వాత కూడ నీరసం, నిద్రాభంగం, మతిమరుపు వంటివి రెండు నెలలకు తక్కువ కాకుండ నిలుచుటను దీర్ఘకాలిక కరోనా అందురు. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించవలెను. పనిని రోజంతటా చిన్నచిన్న భాగాలుగా పంచుకొని, అలసట రాకముందే ఆగవలెను. బలం రావలెనని బలవంతపు వ్యాయామం చేయించరాదు. లేచే వేళ మాత్రం తప్పరాదు.

ఇంటివారు చేయదగినది

నిద్రారోగం బయటకు కనబడని జబ్బు. జ్వరం వచ్చినవానికి గంజి కాచి ఇచ్చే ఇల్లే, నిద్రపట్టనివానిని “ఆలోచనలు మానుకో” అనియు, పగలు కునుకుబడేవానిని “బద్ధకం” అనియు తీసిపారవేయును. నోటుపుస్తకంలో రెండు వారాలపాటు పడుకొన్న వేళ, లేచిన వేళ, రాత్రి మెలకువలు, గురక, పగటి కునుకు, వాడిన మందులు వ్రాసిపెట్టవలెను. ఫోనులోనే వైద్యుని సంప్రదింపవలసిన కాలంలో ఆ రెండు పుటలు చాలా ఉపయోగపడును. ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ వైద్యుడు కూడ దానిని చూచి, పెద్ద పట్టణానికి పంపవలసిన రోగి ఎవరో, ఇంట్లోనే సరిదిద్దదగినవారు ఎవరో చెప్పగలరు.

మెలకువ రాత్రులలో బ్రతుకుమీద విరక్తి కలిగించే మాటలు ఎవరైనా పలికినచో వాటిని తేలికగా తీసుకొనరాదు. వారిని ఒంటరిగా విడువక, మానసిక వైద్యునితో మాట్లాడించవలెను. 2022 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవలో 14416 నంబరుకు పగలైనా రాత్రియైనా ఉచితంగా ఫోను చేయవచ్చును.

రేపు ఉదయం లేవదలచిన వేళను ఈ రాత్రే ఒక కాగితంమీద వ్రాసి గోడకు అంటించవలెను. రెండు వారాలు దానిని తప్పక పాటించినచో ఫలితం కనబడును. అప్పటికీ నిద్ర కుదురుకొనకున్నచో ఆ నోటుపుస్తకంతో వైద్యుని వద్దకు వెళ్ళవలెను. గురకలో శ్వాస ఆగుట, పగలు ఆపలేని నిద్ర ఉన్నవారు ఆ రెండు వారాలు కూడ ఆగనక్కరలేదు.